మోటారు రోజుకి ఎన్ని గంటలు

బ్రహ్మయ్యగారికి కోపం వస్తే మాట్లాడేవారు కాదు. వెళ్ళి నీళ్ళ గట్టు మీద కూర్చునేవారు. మా ఇంట్లో పనిచేసిన ఆరేళ్ళలో అలా ఎన్నిసార్లు కూర్చున్నారో నాకు గుర్తులేదు గానీ, అందులో సగం మా ఆయన పుణ్యం. మిగతా సగం నాది. నాకూ నోరు తక్కువేం కాదు.

మా ఇల్లు బాపట్లలో, సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద. మా ఆయన పున్నారావుగారు దుగ్గిరాల పసుపు వ్యాపారంలో కాస్త నిలదొక్కుకున్నాక 1992లో ఆ ఇల్లు కట్టారు. ఇల్లు కట్టి ఊరుకోవచ్చుగా. పెరట్లో ఈతకొలను కూడా తవ్వించారు. మద్రాసులో ఎవరో స్నేహితుడి ఇంట్లో చూశారట. ముప్పై అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు, ఒక పక్క నడుంలోతు, ఇంకో పక్క మనిషి మునిగే లోతు. అడుగునంతా లేతనీలం పలకలు. సముద్రాన్ని నాలుగైదు మైళ్ళలో పెట్టుకుని ఇంట్లో ఈతకొలనేంటండీ అన్నాను. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా అన్నారు.

మద్రాసు నుంచి కంపెనీ మనిషి వచ్చి మోటారు బిగించాడు. ఆ మోటారు కొలనులో నీళ్ళు లాగి, ఇసక నింపిన పెద్ద డ్రమ్ములోంచి వడగట్టి, మళ్ళీ కొలనులోకే వదుల్తుంది. రోజుకి ఎనిమిది గంటలు నడపండి, ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ, అని చెప్పి అతను రైలెక్కాడు. మా ఆయన నోరు వెళ్ళబెట్టారు. ఆయనకు తెలిసినవన్నీ పొలం మోటార్లు. ఎనిమిది గంటలు తిరిగాయంటే చేను తడిసి తీరాలి. "ఉన్న నీళ్ళని ఉన్నచోటే తిప్పడానికి ఎనిమిది గంటలెందుకు? గంట చాల్లే" అన్నారు.

పదిహేను రోజులకి నీలం పలకలు కనపడడం మానేశాయి. నెలకి కప్పలు చేరాయి. ఆయన ఆ నీళ్ళన్నీ కొబ్బరిచెట్లకి వదిలేసి, బోరు వేసి కొలను మళ్ళీ నింపించారు. రైతుబుద్ధి ఎక్కడికి పోతుంది. అలా నాలుగోసారి నింపేటప్పటికి బోరులో ఉప్పు తగిలింది. మాది ఇసక నేల. మంచినీరు పైపైనే ఉంటుంది, అదేపనిగా తోడితే కిందనించి ఉప్పునీరు పైకొస్తుంది. పక్కింటి కుమారి ఒక పొద్దున చెంబుతో తన బోరు నీళ్ళు తెచ్చి, "వదినా, ఒక్క గుక్క తాగి చూడు" అంది. తాగాను. తల ఎత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. ఆ రోజుతో నీళ్ళు మార్చడం మానేశాం. ఇక ఉన్న నీళ్ళనే బాగుచేసుకోవాలి.

అందుకోసం వెతికితే దొరికారు బ్రహ్మయ్యగారు.

రేపల్లె అవతల ఒక పెద్ద ఊళ్ళో మంచినీళ్ళ పంపుహౌసులో ముప్పై మూడేళ్ళు ఆపరేటరుగా చేసి, రిటైరయి, బాపట్లలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ ఊరి పేరు కావాలనే చెప్పడం లేదు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఖాకీ చొక్కాయే. జేబులో గడియారం, దానికి పడిపోకుండా దారం. చదువు అయిదో తరగతి. మాట తక్కువ, అదీ అడిగితేనే.

ఆయన సంగతి నాకు వాళ్ళ అమ్మాయి చెప్పింది. ఆ పంపుహౌసులో చెరువు నీళ్ళు ఇసకలో వడిసి, బ్లీచింగు కలిశాక ట్యాంకులో అరగంట ఉండాలి. అప్పుడే ఊళ్ళోకి వదలాలి. ఒక వానాకాలం చుట్టుపక్కల వాంతులు, విరేచనాలు జోరుగా ఉన్న రోజుల్లో, ఎవరో పెద్దమనిషి కొత్త కుళాయి ప్రారంభించడానికి వేళకంటే ముందే వచ్చాడట. వెంటనే వదలమని పైఅధికారి కేకలేశాడు. బ్రహ్మయ్యగారు వాల్వు తాళం బొడ్లో దోపుకుని, "ఇంకా పదకొండు నిమిషాలుందండి" అని వాల్వు గుంట మూత మీదే చతికిలబడ్డారు. పదకొండు నిమిషాలయ్యాకే లేచారు. దానికి రెండేళ్ళపాటు ఆయన్ని పంపుహౌసు నుంచి తప్పించి ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఆ పదకొండు నిమిషాలకి ఏమైపోయేదండీ, వదిలేస్తే పోయేదిగా" అన్నాను నేనొకసారి, ఊరికే ఆయన్ని కదిలిద్దామని.

"ఏం కాకపోవచ్చమ్మా" అన్నారు. "కానీ ఇంట్లో కుళాయి తిప్పి తాగే మనిషికి నేనెవరో తెలీదు కదండి. తెలీకుండానే నన్ను నమ్ముతాడు."

అలాంటి మనిషి మా కొలను దగ్గరికి వచ్చి మొదట చేసిన పని, నా పెళ్ళినాటి సాసరు ఒకటి అడిగి తీసుకుని లోతు పక్క అడుగున వేయడం. దాని మధ్యలో ఎర్ర గులాబీ బొమ్మ. రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి చూసేవారు. రేకులతో సహా గులాబీ కనపడితే నీళ్ళు బాగున్నట్టు. ఎర్రమచ్చ మాత్రమే కనపడితే ఫరవాలేదు. అదీ కనపడకపోతే ఎవరూ దిగడానికి వీల్లేదు, ఇంటి యజమానైనా సరే. యజమానిగారు రెండుసార్లు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి అలాగే వెనక్కి వెళ్ళిపోయారు.

తరవాత మోటారు సంగతి తేల్చారు. నీళ్ళు తిరిగొచ్చే గొట్టాన్ని పైనే విప్పి, బక్కెట్టు పెట్టి, గడియారం చూసి, గంటకి పదిహేను వేల లీటర్లు అని తేల్చారు. కొలనులో అరవై వేలు. "నాలుగ్గంటలండి" అన్నారు. "నాలుగ్గంటల్లో మొత్తం నీళ్ళు ఒకసారి ఇసకలోంచి వడుస్తాయి. వడిసిన నీళ్ళు వడిసినట్టే కదండి." మా ఆయన గంట, కంపెనీ మనిషి ఎనిమిది, ఈయన నాలుగు. ముగ్గురిలో ఈయనదే న్యాయంగా తోచింది నాకు.

కప్పలు పోయాయి. పచ్చదనం విరిగింది. కానీ గులాబీ కనపడలేదు. ఎర్రమచ్చ దగ్గరే ఆగిపోయింది. ఆయన డ్రమ్ములో ఇసక కడిగారు, బ్లీచింగు తేటని మార్చి మార్చి పోశారు, మోటారు విప్పి బిగించారు. ఎర్రమచ్చ ఎర్రమచ్చే. ముప్పై మూడేళ్ళు ఊరంతటికీ తేటనీళ్ళిచ్చిన మనిషికి ఒక ఇంటి గుంట లొంగకపోవడం తలవంపులుగా ఉండేది. సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చి "ఏంటి బ్రహ్మయ్యా, ఇంకా మజ్జిగలాగే ఉన్నాయే" అనేవారు. ఆయన గట్టు మీద కూర్చునేవారు.

ఇలా ఉండగా 1994లో మా టీచరుగారు పడ్డారు.

సీతామహాలక్ష్మిగారు తెనాలిలో నాకు లెక్కలు చెప్పారు. రిటైరయి బాపట్లలో గుడి వీధిలో సొంత ఇల్లు కట్టుకున్నారు. రెండు గదులు, ఒక పంచ, తులసికోట. భర్త లేరు, పిల్లలు లేరు. ఫిబ్రవరిలో బావి చప్టా మీద జారి తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషను చేశారు. గాయం మానింది గానీ కాలు మాట వినడం లేదు. రోజూ నడుంలోతు నీళ్ళలో నడిపించండి, జూన్ నడిమికల్లా చెయ్యి పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోతే ఇక ఆ కాలు మీద ఆశ వదులుకోండి అన్నాడు డాక్టరు. తెనాలిలో ఉన్న తమ్ముడు చంద్రశేఖరంగారు, జూన్ రెండో ఆదివారం కారు తీసుకొస్తానని, నడవలేకపోతే అక్కయ్యని తన ఇంటికి తీసుకుపోయి ఇక్కడి ఇల్లు అమ్మేద్దామని తేల్చిచెప్పారు.

"వాడు మంచివాడే. మరదలూ మంచిదే. అదేనే నా భయం" అన్నారు టీచరుగారు నాతో. "అంత మంచివాళ్ళ ఇంట్లో ఓ మూల కూచుంటే అలగడానిక్కూడా ఉండదు. నా పొయ్యి, నా గడియ, నా గడప, ఇవి పోతే నాకింకేం మిగుల్తుందే హైమా."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేనప్పుడే చూశాను. మా కొలనుంది రండి అన్నాను. అక్కడొచ్చింది చిక్కు.

"నిలవనీళ్ళలో నేను దిగనే" అన్నారు.

టీచరుగారికి మడి జాస్తి. కాలవ స్నానాలతో పెరిగిన మనిషి. పారే నీరు ఎవరు దిగినా తనని తాను కడుక్కుంటుంది, నిలిచిన నీరు పట్టినదాన్ని వదలదు అని ఆవిడ నమ్మకం. లెక్కల టీచరై ఉండి ఇదేంటండీ అంటే, "లెక్క లెక్కే, మడి మడే. రెండూ నావే" అన్నారు. నేను విసుక్కున్నాను. కాలు పోతోంటే ఈ చాదస్తం ఏంటని గట్టిగానే అన్నాను. బ్రహ్మయ్యగారు మధ్యలో వచ్చారు.

"ఇవి పారే నీళ్ళేనండి టీచరుగారూ. అక్కడ లాగుద్ది, ఇక్కడ వదులుద్ది. మోటారు తిరిగినంతసేపూ పారతానే ఉంటాయి. చెయ్యి పెట్టి చూసుకోండి."

ఆవిడ గట్టు మీద కూర్చుని, వంగి, నీళ్ళు వచ్చే మూతి దగ్గర అరచెయ్యి పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచారు.

"మోటారు ఆగితే?"

"ఆగితే చెప్తానండి."

"నేను నీళ్ళలో ఉన్నా సరే చెప్పాలి. దాచకూడదు. మాటివ్వు."

"మాటేనండి" అన్నారు బ్రహ్మయ్యగారు.

మర్నాటి నుంచి మొదలు. నేను ఒక చెయ్యి, ఆయన అడ్డంగా కట్టిన తాడు ఇంకో చెయ్యి. నడుంలోతు పక్క ఈ గోడ నించి ఆ గోడకి పద్నాలుగు అడుగులు. మొదటి రోజు మూడడుగులకే మొహం పాలిపోయింది. రోజూ దిగేముందు ఆ మూతి దగ్గర అరచెయ్యి పెట్టి, మనసులో ఏదో చదువుకుని దిగేవారు.

వారం తిరక్కుండానే ఆవిడలోని లెక్కల టీచరు నిద్రలేచింది. "నీళ్ళు మసగ్గా ఉన్నాయే, మోటారు ఎన్ని గంటలు?" అని అడిగారు. బ్రహ్మయ్యగారు తన లెక్క చెప్పారు. అరవై బై పదిహేను, నాలుగు.

టీచరుగారు నవ్వి, నన్ను చిక్కటి మజ్జిగ ఒక గిన్నెడు, మంచినీళ్ళు సరిగ్గా అదే గిన్నెతో కొలిచి తెమ్మన్నారు. మజ్జిగ గిన్నెని పళ్ళెంలో పెట్టి బ్రహ్మయ్యగారి చేతికి గ్లాసు ఇచ్చారు. "గ్లాసు గ్లాసు నీళ్ళు పొయ్యి, కలుపు. పొంగి పోయింది పోనీ. గిన్నెడు నీళ్ళూ అయిపోయేదాకా పొయ్యి." ఆయన పోశారు. గిన్నెడు మజ్జిగలో గిన్నెడు నీళ్ళు పోశాక కూడా గిన్నెలో తెల్లగానే ఉంది.

"మొత్తం మారిపోవాలిగా, ఇంకా తెలుపెందుకుంది?" అన్నారు టీచరుగారు. "నువ్వు పోసిన మంచినీళ్ళు వెళ్ళి మజ్జిగలో కలిశాయి. పొంగిపోయిన దాంట్లో మజ్జిగతో పాటు నీ మంచినీళ్ళూ పోయాయి. ఈ కొలనూ అంతే. వడగట్టిన నీరు మళ్ళీ మురికిలోకే వస్తోంది. ఒక చుట్టు తిప్పితే మూడోవంతుపైన పాత నీరు అలాగే ఉంటుంది. రెండు చుట్లు తిప్పితే ఏడోవంతుకి దిగుతుంది. నాలుగు కాదు నాయనా, ఎనిమిది."

ఆయన ఆ గిన్నె వంక చూస్తూ కూర్చుండిపోయారు. నేను భయపడ్డాను, మళ్ళీ గట్టెక్కి మౌనం పట్టేస్తారని. గ్లాసు కింద పెట్టి అన్నారు.

"ముప్పై మూడేళ్ళండి. నేను పంపిన నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళిపోయేవి. వెళ్ళిన నీళ్ళు తిరిగి రావడం నేనెప్పుడూ చూళ్ళేదండి."

ఆ మాటలో సిగ్గు లేదు, ఉక్రోషం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో దొరికినందుకు తేలికపడ్డట్టు ఉంది. ఆ రోజే మోటారు గది గోడకి ఒక పలక తగిలించి 'ఎండాకాలం 10, వానాకాలం 8, చలికాలం 6' అని బలపంతో రాశారు. చలికాలానికి తగ్గించింది మాత్రం ఆయనే, నీళ్ళలో నాచు చలికి లేవదని. టీచరుగారు చూసి ఒప్పుకున్నారు. పది రోజులకి గులాబీ రేకులు కనిపించాయి. మా ఆయన కరెంటు గురించి ఏదో సణిగారు గానీ తువ్వాలు వేసుకుని ముందుగా దిగింది ఆయనే.

మే వెళ్ళింది. టీచరుగారు నా చెయ్యి వదిలారు గానీ తాడు వదల్లేదు. వేలితోనైనా సరే పట్టుకునే ఉండాలి. తాడుని నమ్మినట్టు కాలిని నమ్మడం లేదు. జూన్ రెండో ఆదివారానికి ఇంక రెండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున, ఏ ధైర్యం వచ్చిందో తాడు వదిలేశారు. ఒక అడుగు. రెండు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. నాలుగో అడుగు వేస్తుండగా మా వరండాలో ఫ్యాను చప్పుడు తగ్గింది. మోటారు ఆగిపోయింది.

టీచరుగారికి కుడిచెవి సరిగ్గా వినపడదు. మోటారు గది ఆ పక్కే ఉంది. ఆవిడకి తెలియలేదు. కళ్ళు ఎదురుగోడ మీద ఉన్నాయి. ఇంకా పది అడుగుల దూరం. ఇప్పుడు చెప్తే ఆగిపోతారు, తాడు కోసం కంగారుగా తిరిగి కూలితే ఇక జన్మలో నీళ్ళలో దిగరు. ఆదివారం కారొస్తుంది. నేను బ్రహ్మయ్యగారి వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టాను. వద్దు, చెప్పద్దు అని తల అడ్డంగా ఊపాను. ఆయన నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆనాడు ఆ అధికారిని కూడా అలాగే చూసి ఉంటారు.

ఆ మనిషి మాట తప్పరని నాకు తెలుసు. టీచరుగారి ఇల్లు పోయిందనే అనుకున్నాను. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆయన నోరు తెరవలేదు. బ్లీచింగు కలిపే రెండు బక్కెట్లూ అందుకుని లోతు పక్కకి పరిగెత్తారు. ముంచారు. అరవై దాటిన మనిషి, ఆ రెండు బక్కెట్లతో ముప్పై అడుగులూ పరిగెత్తుకొచ్చి, నీళ్ళు వచ్చే మూతి ఉన్నచోట కుమ్మరించారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ తెచ్చి కుమ్మరించారు. అప్పుడు అన్నారు, ఆయాసపడుతూ.

"మోటారు ఆగిందండి టీచరుగారూ. నీళ్ళు ఆగలేదు."

టీచరుగారు నిలబడిపోయారు. కాలు కదపకుండా మెడ మాత్రం తిప్పి ఆయన్ని చూశారు. తడిసి ముద్దయిన ఖాకీ చొక్కా, రెండు చేతుల్లో రెండు బక్కెట్లు.

"పారుతున్నాయా?"

"నేను పారిస్తున్నానండి."

ఆవిడ ఆ బక్కెట్ల వంక, తరవాత ఎదురుగోడ వంక చూశారు.

"అయితే ఆపకు" అన్నారు.

ఆయన ఆపలేదు. నేను వంటింట్లోకి పరిగెత్తి ఇంకో బక్కెట్టు తెచ్చాను. పళ్ళు తోముకుంటూ పెరట్లోకొచ్చిన మా ఆయన ఏం జరుగుతోందో తెలియకపోయినా, నోట్లో వేపపుల్ల అలాగే పెట్టుకుని నా చేతిలో బక్కెట్టు లాక్కున్నారు. ముంచడం, పరిగెత్తడం, పొయ్యడం. మధ్యలో టీచరుగారు ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి, అవతలి గోడని రెండు అరచేతులతోనూ ముట్టుకున్నారు. పద్నాలుగు అడుగులు. ఎవరి చెయ్యీ లేదు, ఏ తాడూ లేదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

గట్టెక్కించి, తువ్వాలు కప్పి కూర్చోబెట్టాక ఆవిడ అడిగారు. "బ్రహ్మయ్యా, ఎన్ని బక్కెట్లు పోశావు?"

"లెక్కపెట్టలేదండి."

"మంచిపని చేశావు" అన్నారు టీచరుగారు. "అరవై వేల లీటర్లలో అదెంతో నాకు తెలుసు. నువ్వు లెక్క చెప్పి ఉంటే నేను ఇంకో అడుగు వేసేదాన్ని కాదు."

ఆదివారం చంద్రశేఖరంగారు కారు తీసుకొచ్చారు. టీచరుగారు వంటింట్లోంచి పంచలోకి తనంతట తానే కాఫీ తెచ్చి ఇచ్చారు. ఆయన కాఫీ తాగి, కాసేపు కూర్చుని, ఖాళీ కారులో తెనాలి వెళ్ళిపోయారు. ఆవిడ ఆ రెండు గదుల ఇంట్లోనే ఉన్నారు. వారానికోసారి మా ఇంటికొచ్చి నీళ్ళలో నడిచేవారు, దిగేముందు అరచెయ్యి పెట్టి చూసుకునే.

బ్రహ్మయ్యగారు 1999లో పని మానేశారు. ఎవరూ మానమనలేదు. "గులాబీ కనపట్టం లేదమ్మా" అన్నారు ఒక పొద్దున. నాకు రేకులతో సహా స్పష్టంగా కనపడుతోంది, ఆ మాటే చెప్పాను. "అదేనమ్మా. తప్పు నీళ్ళదో నా కళ్ళదో చెప్పలేకపోతన్నా. చెప్పలేనోడు ఇక్కడుండకూడదండి" అన్నారు. కళ్ళ ఆపరేషను చేయిస్తాం అన్నాం. చేయించుకున్నారు, మళ్ళీ పనిలోకి మాత్రం రాలేదు. నడిచి వెళ్ళి టీచరుగారి పంచలో కూర్చుని లెక్కలు చెప్పించుకునేవారని విన్నాను.

ఆయన వెళ్ళిన రోజు మోటారు గది ఊడుస్తూ ఆ పలక దించాను. మూడు కాలాల గంటలూ అలాగే ఉన్నాయి. వాటి కింద, అయిదేళ్ళుగా నేను ఎప్పుడూ వంగి చదవని చోట, ఆయన వంకర అక్షరాల్లో ఇంకో రెండు వరసలున్నాయి.

'టీచరుగారు లోపలుంటే గట్టెక్కేదాకా. కరెంటు పోతే బక్కెట్లు.'

పలకని తుడవకుండా మళ్ళీ అదే మేకుకి తగిలించాను.